పేనుబంకలోని ప్రాచీనమగు పొత్తు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నూలు అమ్మువారికిని, నూలు నేయువారికిని ప్రత్తియే జీవనాధారము. ఆ ప్రత్తిచేనికి పేనుబంకయు తెల్లదోమయు పట్టినచో, అవి విసర్జించు తీపి బంక దూదికి అంటుకొనును. మిల్లులో ఆ దూది రోలర్లకు పట్టుకొని పోగులు తెగును. ఆ నష్టము మిల్లు నుండి మగ్గము వరకు దిగివచ్చును. కావున పేనుబంకను గూర్చి శాస్త్రజ్ఞులు కనుగొనిన యొక విశేషమును నేడు మనవి చేయదలచితిమి.

పేనుబంకకు ఆహారము మొక్కల రసము. అందు చక్కెర మిక్కుటము; దేహపుష్టికి వలయు ఎమినో ఆమ్లములు బహు స్వల్పము. మిగిలిన చక్కెర బంకయై వెలువడును. కొరవడిన పోషకములనో, ఆ పురుగు దేహములోని ప్రత్యేక కణములందు నివసించు బుక్నెరా యను సూక్ష్మజీవి తయారుచేసి యిచ్చును. ఇట్టి సహజీవనములను పరిశోధించిన జర్మను శాస్త్రజ్ఞుడు పాల్ బుక్నర్ పేర 1991లో దానికి నామకరణము జరిగెను.

బుక్నెరా తల్లి పురుగు నుండి పిల్లకు సంక్రమించును. ఈ పొత్తు ఎంతకాలము నాటిది? వర్తకులమగు మేము ఇరు దుకాణముల ఆవర్జాలను ప్రక్కప్రక్కన నుంచి పద్దులు సరిచూతుము గదా! శాస్త్రజ్ఞులును అట్లే పేనుబంక జాతుల వంశవృక్షమును, వాని లోపలి బుక్నెరాల వంశవృక్షమును సరిచూచిరి. పురుగుల వంశము చీలినచోట సూక్ష్మజీవుల వంశమును చీలియుండెను. రెండు లెక్కలును కుదిరినవి. శిలాజముల సాయమున 1993లో కట్టిన అంచనా ప్రకారము ఈ పొత్తు వయస్సు 16 కోట్ల నుండి 28 కోట్ల సంవత్సరములు.

అన్ని పొత్తులును ఇట్టివి కావు. 1924లో దోమయందు కనుగొనబడిన వోల్బాకియా యను సూక్ష్మజీవియు తల్లి నుండియే సంక్రమించును. కాని అప్పుడప్పుడు ఒక జాతి పురుగు నుండి వేరొక జాతికి దాటును. అందుచే దాని లెక్క కీటకముల లెక్కతో కుదురదు.

బుక్నెరా తన స్థిరనివాసమునకు మూల్యము చెల్లించినది. దానికి బంధువై మన ప్రేవులలో నుండు ఇ. కోలై జన్యులిపిలో సుమారు 46 లక్షల అక్షరములు గలవు. బుక్నెరా లిపిని 2000లో చదువగా 6 లక్షల 40 వేలు మాత్రమే తేలినవి. సమస్తము ఇంటనే దొరకుటచే, వెలుపల బ్రతుకు విద్యలు ఒక్కటొక్కటిగా పోయినవి. అది పురుగును విడిచి బ్రతుకలేదు. మందుచే దానిని నశింపజేసినచో పురుగును కృశించి, సంతానము కనజాలదు.

మన పెద్దలు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నుండి మగ్గపు విద్యతో సోలాపురము వచ్చి నిలిచిరి. దుప్పటియు తువాలయు మనకు అన్నము పెట్టినవి. ఆ విద్యను విడువుమని మేము చెప్పుట లేదు. కాని ఒక్క విద్య తప్ప వేరెరుగనివాడు, దానికి గిరాకి తగ్గిననాడు ఎటుల నిలుచును? బుక్నెరా పోగొట్టుకొనిన విద్య దానికి తిరిగి వచ్చుట లేదు. మనుష్యుడు మరచినదియు నేర్వగలడు, ఎరుగనిదియు నేర్వగలడు. బడి మానిపించి కండెలు చుట్ట గూర్చుండబెట్టిన బిడ్డలు మన పేటలలో ఎవరైన నున్నచో, వారిని తిరిగి బడికి పంపవలెనని తల్లిదండ్రులను ప్రార్థించుచున్నాము. రుసుము కట్టలేనివారు సంకోచింపక మాతో చెప్పుడు.