ఇంటిలోపలి వన్నెల మొక్కలు

పూవు అందమైనదే, కాని దాని ఆయువు కొద్దిపాటిది. ఉదయము విచ్చిన మందారము సాయంకాలమునకు ముడుచుకొనును. ఆకు అట్లు కాదు. మొక్కను సరిగా చూచుకొన్నచో ఆకుల వన్నె ఏడాది పొడుగునను నిలుచును. పెరడు లేని ఇండ్లలో, మూడవ అంతస్తులోను నాలుగవ అంతస్తులోను కాపురముండు వారికి పూలతోట అందని కోరిక. అట్టివారికి ఒక కిటికీయు, నాలుగు కుండీలును ఉన్న చాలును. రంగురంగుల ఆకులను ఇంటిలోనే పెంచుకొనవచ్చును. అయితే కంటికింపుగా కనబడినదానినెల్ల కొని తెచ్చి, గది మూలను ఉంచి, దినదినము చెంబెడు నీరు పోసినచో నెల తిరుగకుండ కుండీ ఖాళీ యగును. ఏ మొక్క ఎచ్చట బ్రతుకును, ఎందువలన చచ్చును, పసిపిల్లలున్న ఇంట దేనిని అందుబాటులో ఉంచరాదు అను విషయములను ఈ ప్రసంగములో మనవి చేసెదను.

ఈ మొక్కలలో పెక్కు దూరదేశములనుండి వచ్చినవి. క్రోటనులు ఇండొనేషియాలోని మొలక్కా దీవులు మొదలుకొని పసిఫిక్ దీవుల వరకు సహజముగా పెరుగును. కలాడియము, డైఫెన్‌బేకియా అమెరికా ఖండములోని ఉష్ణమండలపు అడవులవి. మనీ ప్లాంటు పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రములోని మోరియా దీవి. పాముపొడ వంటి చారలు గల సాన్సివేరియా పశ్చిమాఫ్రికాది. రెక్సు బెగోనియా మాత్రము మన అస్సాము ప్రాంతమునుండి పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాకు పోయి, అచ్చట సంకరజాతులకు మూలమై, ఆ రూపములలో తిరిగి మనకు వచ్చినది.

ఇన్ని సముద్రములు దాటి ఈ సుకుమారపు మొక్కలు ఎట్లు ప్రయాణించినవి? లండను నగరములో నథానియేల్ వార్డు అను వైద్యుడుండెను. ఆయన 1829లో ఒక చిమ్మెట గూడును తడిమన్నుతో కూడ గాజుసీసాలో ఉంచి మూత బిగించెను. చిమ్మెట మాట అటుండగా, ఆ మన్నులో ఒక ఫెర్ను మొక్కయు, గడ్డిపరకయు మొలకెత్తినవి. పగలు మన్నునుండి లేచిన తేమ గాజునకు పట్టి, తిరిగి మన్నులోనికే జారుచుండెను. లండను పొగలో బ్రతుకని ఫెర్ను మొక్కలు మూసిన గాజులో బ్రతుకునని ఆయన గ్రహించెను. 1833లో అట్టి గాజుపెట్టెలలో మొక్కలను ఓడమీద ఆస్ట్రేలియాకు పంపగా, అవి సజీవముగా సిడ్నీ చేరినవి. చైనా దేశపు తేయాకు మొక్కలు హిమాలయ సానువులకు వచ్చినదియు ఇట్టి పెట్టెలలోనే.

ఈ వృత్తాంతములో మనకొక పాఠమున్నది. అడవినీడలో పుట్టిన మొక్కకు వేరులకు నీరున్నంతమాత్రమున చాలదు. చుట్టునున్న గాలిలోను తేమ కావలెను. ఏప్రిల్, మే మాసములలో వీచు వడగాలియు, రాత్రియంతయు నడచు ఏసీ గాలియు ఆకుల అంచులను మాడ్చివేయును. అప్పుడు కుండీలో మరింత నీరు పోయుటవలన లాభము లేదు. కుండీలను విడివిడిగా ఉంచక ఒకచోట గుంపుగా చేర్చి, గాలి నేరుగా తగులని తావునకు మార్చవలెను. ఒకదాని ఆకులనుండి వెలువడు తేమ వేరొకదానికి ఉపకరించును.

ఇక ఎంపిక మాట. మొక్కను కొని చోటు వెదకుట కాక, చోటును చూచి మొక్కను ఎంచుకొనవలెను. ఇందుకొక సులభమైన పరీక్ష కలదు. మధ్యాహ్న సమయమున కుండీ పెట్టదలచిన చోట ఒక తెల్లకాగితము పరచి, దానికి జానెడు ఎత్తున అరచేయి చాపుడు. నీడ అంచులు స్పష్టముగా తీరియున్నచో అది మంచి వెలుగు. నీడ మసకగా ఉన్నచో మధ్యరకము. నీడయే కనబడనిచో అచ్చట ఏ వన్నెల మొక్కయు చిరకాలము నిలువదు. మన కంటికి వెలుగుగా తోచు గది మొక్కకు చీకటి కావచ్చును. కన్ను తన పాపను పెద్దది చేసికొని సర్దుకొనును. ఆకునకు ఆ సదుపాయము లేదు. కిటికీనుండి రెండడుగులు వెనుకకు జరిపినంతనే వెలుగు ఎంతో తగ్గిపోవును.

తూర్పు కిటికీ అన్నిటికంటె శ్రేష్ఠము. లేత యెండ కొంతసేపు పడి, పిదప వెలుగు మాత్రము మిగులును. పడమటి కిటికీకి వేసవిలో పలుచని తెర అవసరము. దక్షిణపు కిటికీలోనికి శీతకాలమున ఎండ ఏటవాలుగా లోపలివరకు వచ్చును. ఉత్తరపు కిటికీకి ఎండ రాదని తలంతుము గాని, మన అక్షాంశములలో మే నడుమనుండి జూలై వరకు మధ్యాహ్న సూర్యుడు కొంచెము ఉత్తరమునకే వాలియుండును. అప్పుడు అచ్చటి మొక్కలనుగూడ గమనించుచుండవలెను.

ఆకులకు రంగు ఎట్లు వచ్చునో తెలిసినచో వెలుగు సంగతి మరింత బోధపడును. ఆకుపచ్చ పత్రహరితమువలన, పసుపు నారింజలు కెరోటినాయిడులవలన, ఎరుపు ఊదాలు చాలవరకు ఆంథోసయనినులవలన కలుగును. తెల్లమచ్చ యనగా అచ్చట పత్రహరితము లేదని అర్థము; ఆ భాగము ఆహారమును తయారు చేయజాలదు. అందుచేత తెలుపు ఎక్కువగల మొక్క నెమ్మదిగా పెరుగును, వెలుగును ఎక్కువగా కోరును. చీకటిలో ఉంచిన క్రోటనుకు క్రొత్తగా వచ్చు ఆకులు ఎరుపు, పసుపు వన్నెలను విడిచి పచ్చబడుట అందరికి తెలిసినదే. చారల మొక్కలో ఒక కొమ్మ పూర్తిగా పచ్చనిదై వచ్చినచో దానిని మొదటికి కోసివేయవలెను. పచ్చకొమ్మకు బలమెక్కువ, విడిచినచో అదియే మొక్కనంతయు ఆక్రమించును.

మంచి వెలుగు గల కిటికీకి క్రోటను, కోలియసు తగినవి. క్రోటను అనునది పూలతోటల వాడుక పేరు. వృక్షశాస్త్రములో క్రోటనులు వేరు, మన నేపాళపు మొక్క ఆ జాతిది. తోటల క్రోటను చోటు మార్చినపుడు అలిగినట్లు ఆకులు రాల్చును. తెచ్చిన పక్షము దినములలో ఆకులు రాలినవని దానిని పారవేయరాదు. కాండమును గోటితో కొంచెము గీరి చూడుడు. లోపల పచ్చగా ఉన్నచో ప్రాణమున్నట్లే, మరల చిగురించును. కోలియసు తక్కువ వెలగలది, త్వరగా పెరుగునది. కొనలు గిల్లుచుండినచో గుబురుగా వచ్చును. పూవుకంకి తలయెత్తగనే త్రుంచివేయవలెను. ముదిరిన మొక్క కాండము సాగి వికారమగును గనుక, జానెడు కొమ్మలను కోసి నీటిలో ఉంచినచో రెండు వారములలోపల వేళ్లు పట్టి క్రొత్త మొక్కలు సిద్ధమగును.

మధ్యరకపు వెలుగునకు రెక్సు బెగోనియా, మరాంటా, కలాడియము చెప్పదగినవి. బెగోనియా ఆకులమీద నీరు చిలుకరాదు, బూజు పట్టును. మరాంటా సాయంకాలము కాగానే ఆకులను పైకి జోడించి నమస్కరించినట్లు నిలుచును. యారోరూట్ పిండినిచ్చు మొక్కకు ఇది దగ్గర చుట్టము. కలాడియము దుంపమొక్క. చలికాలము వచ్చుసరికి దాని ఆకులు పండి పడిపోవును. చాలమంది మొక్క చచ్చినదని తలంచి మరింత నీరు పోసి దుంపను కుళ్లబెట్టుదురు. అది నిద్రపోవుచున్నది, అంతే. నీరు మాని, దుంపను పొడియిసుకలో దాచి, వేసవి మొదట మరల నాటినచో చిగురు వేయును.

వెలుగు తక్కువైన చోటను ఓర్చుకొనునవి సాన్సివేరియా, మనీ ప్లాంటు. మన మెట్టలలో పెరుగు చాగ సాన్సివేరియాకు దాయాది. ఆ నారతో పూర్వము వింటినారులు పేనెడివారు. దీనికి పక్షమునకొకసారి నీరు చాలును; ఎక్కువైనదే అపాయము. మనీ ప్లాంటు పూయుట మిక్కిలి అరుదు. పూత పుట్టించు జిబ్బరెల్లిను అను హార్మోను దానిలో కొరవడుటయే కారణమని 2016లో ప్రకటింపబడిన పరిశోధన తేల్చినది. దొంగిలించి తెచ్చిన కొమ్మయే ధనము తెచ్చునని కొందరి నమ్మకము. పొరుగింటివారిని అడిగి తెచ్చుకొన్న కొమ్మయు అంతే చక్కగా నాటుకొనును. స్నేహము కూడ మిగులును.

ఇంటిలోని మొక్కలు దాహముతో చచ్చుటకంటె నీరెక్కువై చచ్చుటయే తరచు. నీరు నిలిచిన మన్నులో వేళ్లకు గాలియాడక కుళ్లును, కుళ్లిన వేళ్లు నీరు పీల్చజాలవు, ఆకులు వ్రేలాడును. అది చూచి దాహమనుకొని మరల నీరు పోయుదుము. కావున ఆకును కాదు, మన్నును చూడవలెను. చూపుడువ్రేలిని రెండు కణుపుల లోతు దింపి, తడి తగిలినచో ఆ దినము మానవలెను. పొడిగా ఉన్నచో అడుగు రంధ్రమునుండి కారువరకు పోసి, పళ్లెములో చేరిన నీటిని పారబోయవలెను. రంధ్రము లేని పింగాణి కుండీ ఎంత అందమైనదైనను మొక్కను నేరుగా అందులో నాటరాదు. మన్ను విషయములో ఎర్రమన్ను, బాగుగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్లుగా కలిపి, గుప్పెడు ఇసుకయు వేపపిండియు చేర్చిన చాలును.

ఆకుల అడుగున దూదివంటి తెల్లని మచ్చలు కనబడినచో అది పిండినల్లి. తడిగుడ్డతో తుడిచి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొంచెము సబ్బునీటితో కలిపి, ఎండ లేని వేళ వారమునకొకసారి చల్లవలెను. పొడిగాలిలో వచ్చు ఎర్రనల్లికిని ఇదియే చికిత్స. నెలకు రెండుసార్లు పెద్ద ఆకులను తడిగుడ్డతో తుడిచినచో దుమ్ము పోయి వన్నె తేలును; పురుగు మొదటనే కంటబడును.

గృహిణులు, తల్లిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసిన సంగతులు రెండు. మొదటిది విషము. డైఫెన్‌బేకియా, కలాడియము, మనీ ప్లాంటు మన కంద, చేమల కుటుంబమునకు చెందినవి. కంద కోయునపుడు చేతులు దురద పెట్టుటకు, సరిగా ఉడకని చేమదుంప గొంతు గీరుటకు కారణము కాల్షియము ఆక్సలేటు అను సూదులవంటి స్ఫటికములు. అవియే ఈ మొక్కలలోను ఉన్నవి. పసివాడు ఆకు నమలినచో నోరు మండి, నాలుక వాచి, మాట రాక బాధపడును. వెంటనే నోటిలోని ముక్కలను తీసి, తడిగుడ్డతో తుడిచి, నోరు కడిగి, చల్లని నీరుగాని పాలుగాని కొద్దికొద్దిగా ఇయ్యవలెను. బలవంతముగా వాంతి చేయింపరాదు. వాపు పెరిగినను, ఊపిరికి కష్టమైనను క్షణమైనను ఆలసింపక ఆస్పత్రికి తీసికొనిపోవలెను. క్రోటను పాలు చర్మమునకు, కంటికి మంచివి కావు. ప్రాకుచున్న బిడ్డ ఉన్న ఇంట ఈ మొక్కలను ఎత్తున ఉంచుట, లేదా కొంతకాలము మానుట ఉచితము. అట్టి ఇంటికి మరాంటాయు, తెల్లచారల క్లోరోఫైటమును నిరపాయమైనవి.

రెండవది దోమ. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు ఏడిసు దోమ మురుగులో కాదు, ఇంటిలోని తేటనీటిలో గ్రుడ్లు పెట్టును. మనీ ప్లాంటు సీసాయు, కుండీ క్రింది పళ్లెమును దానికి అనువైన తావులు. గ్రుడ్డు దోమయగుటకు సుమారు వారము పది దినములు పట్టును. కావున వారము దాటకుండ నీరు మార్చవలెను. గ్రుడ్లు పాత్ర అంచునకు అంటుకొని, నీరెండిన పిదపను నెలల తరబడి బ్రతుకును గనుక, సీసాను లోపల రుద్ది కడుగుట ముఖ్యము.

మొక్కలు గదిలోని గాలిని శుద్ధి చేయునను మాట విరివిగా వినవచ్చుచున్నది. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ జరిపిన ప్రయోగము దానికి మూలము. కాని ఆ ప్రయోగము మూసిన చిన్న పెట్టెలలో జరిగినది. పూర్వపు ప్రయోగములను 2019లో ఇరువురు శాస్త్రజ్ఞులు తిరిగి లెక్కించి, సామాన్యముగా ఇంటిలో గాలి మారుటవలన కలుగు ఫలము రావలెనన్న చదరపు మీటరునకు పది మొదలు వేయి మొక్కల వరకు కావలెనని తేల్చిరి. గాలి శుభ్రము కావలెనన్న కిటికీ తెరువవలెను. మొక్కను దాని అందమునకై పెంచుకొందము. ఆ కారణమే చాలును.

గోదావరి తీరమున కడియము, కడియపులంకల నర్సరీలకు పోయినను, మీ వీధి చివర బండివాని వద్ద కొన్నను, ఆకు అడుగు చూచి, క్రొత్త చిగురున్నదో లేదో చూచి కొనుడు. మిక్కిలి పెద్దదానికంటె మధ్యరకపు మొక్క త్వరగా అలవాటు పడును. ఒకేసారి పది తేక, మొదట రెండింటితో ఆరంభింపుడు. వానకాలము కొమ్మలు నాటుకొనుటకు అనువైనది. కోలియసు కొమ్మ వేళ్లు పట్టిన వెంటనే కుండీలోనికి మార్చి, ఇంటిలోని పిల్లలకు ఒకటి అప్పగింపుడు. మన్నులో వ్రేలు దింపి తడి చూచుట వారికి నేర్పినచో, ఆ మొక్క బాధ్యతను వారే వహింతురు.