హరిత గృహ శాసనములు - మన వృత్తివారి బాధ్యత
(వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)



శబ్దములు, ధాతువులు వల్లె వేయించుచు జీవితము గడపిన మావంటి వృద్ధోపాధ్యాయుని, కట్టడముల చట్టములనుగూర్చి మాటాడుమని సభవారు కోరుట మొదట మాకే వింతగా తోచినది. మేము న్యాయవాదులము కాము, ఇంజనీరులమును కాము. అయినను విశ్వబ్రాహ్మణ కులమున పుట్టినవారము గనుక బాడిసచప్పుడు, ఉలిచప్పుడు వినుచు పెరిగితిమి. శ్రీకాకుళ విజయనగర మండలములలో బాడిస పట్టినవారి కుమారులు పెక్కుమంది నేడు కంట్రాక్టర్లయి అంతస్తుల మేడలు లేపుచున్నారు. ఇది మనకెల్లరకు సంతోషకరము. కాని యొక భేదమును వీరు గమనింపవలసియున్నది. పూర్వము పనియందలి తప్పు చేతిమీద పడెడిది. నేడు సంతకముమీద పడుచున్నది. ఈ యొక్కమాటను తమకు విన్నవించుటకే మేమిచట నిలిచితిమి.

ఈ విషయము మాకెట్లు తటస్థించెనో మొదట చెప్పెదము. నాలుగేండ్ల క్రిందట మాయొద్ద చదువుకొన్న యువకుడొకడు, మనవాడే, ఒకనాటి సాయంకాలము మా యింటికి వచ్చి, ఆంగ్లమున నున్న నోటీసు నొకటి మా చేతికిచ్చి, "మాస్టారూ, ఇందులో ఏమున్నదో చెప్పండి" అనెను. అతడు పండ్రెండు వాటాల యిల్లొకటి కట్టి అమ్మినాడు. అమ్మకపు పుస్తకములో "హరిత గృహములు, వాననీటి సంరక్షణ, సూర్యవిద్యుత్తు" అని యచ్చువేయించినాడు. ఇంకుడుగుంతను త్రవ్విన మాట నిజమే. ఫొటో తీసిన పిదప దానిని రాళ్లూరప్పలతో పూడ్చి, పైన బండ్లు నిలుపుటకు గచ్చు చేయించినాడు. సూర్యఫలకములు మొదలే లేవు. కొన్నవారు ఫిర్యాదు చేసిరి. "ఈ మాటలు వ్రాసినదెవరు?" అని యడిగితిమి. "ప్రకటనలు వేసే అబ్బాయి" అనెను. "సంతకము?" అంటిమి. "నాదే" అని తలవంచుకొనెను. తుదకు గుంత మరల త్రవ్వించి, ఫలకములు పెట్టించి, కొంత సొమ్ము చెల్లించి బయటపడెను గాని, అందుకై భార్య నగలు తాకట్టు పెట్టవలసివచ్చినది. అతడు దుర్మార్గుడు కాడు. చదువక సంతకము చేసినవాడు. ఆనాటినుండి మేమీ చట్టములను చదువ మొదలిడితిమి.

హరిత గృహమన్న పేరు క్రొత్తగాని, భావము మనకు క్రొత్తది కాదు. మయమతము, మానసారము మొదలగు వాస్తుగ్రంథములు గోడను గూర్చి చెప్పుటకు ముందే భూపరీక్షను చెప్పినవి. గొయ్యి త్రవ్వి, తీసిన మన్నునే అందు మరల నింపి, మన్ను మిగిలిన నుత్తమమనియు, సరిపోయిన మధ్యమమనియు, చాలకున్న నధమమనియు మన పెద్దలు నేలను నిర్ణయించిరి. నీరుపోసి మరునాడు చూచు పరీక్షయు కలదు. మన ప్రాంతపు మండువా యిండ్లలో నడుమనుండి గాలి వెలుతురులు వచ్చెడివి. మట్టిగోడ వేసవిని లోనికి రానిచ్చెడిది కాదు. కాబట్టి నేటి చట్టము అడుగుచున్నది మన తాతలు చేసిన పనినే. కాకున్న, చేసినట్లు కాగితముతో ఋజువు చూపుమనుచున్నది. నేలను పరీక్షించుటకు గొయ్యి త్రవ్విన జాతివారు ఫొటో కొరకు గొయ్యి త్రవ్వుట మనకు తగునా?

ఇక చట్టములను నేల, పరిమాణము, విద్యుత్తు, సామగ్రి, మాట అను నైదు శీర్షికల క్రింద సంగ్రహముగా చెప్పెదము.

మొదటిది నేల. సముద్రతీర పరిరక్షణ నిబంధనలు 1991లో పుట్టి, 2011లోను 2019లోను మార్పుచెందినవి. 2019 నాటి ప్రకటన ప్రకారము జనసాంద్రత తక్కువగల తీరగ్రామములందు పోటురేఖనుండి 200 మీటర్లవరకు సాధారణముగా క్రొత్త కట్టడములు కూడవు. ఇచ్ఛాపురము మొదలు భోగాపురము వరకు తీరమునగల మనవారు దీనిని మరువరాదు. కేరళమున కొచ్చి చెంత మరడు అను నూరిలో పంచాయతీ 2006లో ఇచ్చిన యనుమతులతో నాలుగు గొప్ప భవనసముదాయములు లేచినవి. అవి తీరనిబంధనలకు విరుద్ధములని సుప్రీముకోర్టు 2019 మే 8న తీర్పుచెప్పి కూల్చుమనెను. 2020 జనవరి 11, 12 తేదీలలో అవి నేలమట్టమైనవి. ఒక్కొక్క వాటాదారునకు 25 లక్షల రూపాయల మధ్యంతర పరిహారము ముందుగా ప్రభుత్వమిచ్చి, దానిని కట్టినవారినుండి రాబట్టుకొనవలెనని కోర్టు ఆదేశించెను. పంచాయతీ ముద్ర యున్నంతమాత్రమున భయము లేదనుకొనువారికి ఇది గుణపాఠము.

అంత దూరమేల? మన సోంపేట బీలను తలచుకొనుడు. అచట బొగ్గు విద్యుత్కేంద్రము కట్టుటకు పర్యావరణ అనుమతి లభించినది. పథకపు పత్రములు ఆ నేలను పనికిరాని భూమిగా వర్ణించినవి. కాని యది నీరు నిలిచి, చేపలను, చేలను పోషించు చిత్తడినేల. 2010 జూలై 14న అచట పోలీసు కాల్పులలో ఇద్దరు మరణించిరి. జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికారము ఆ యనుమతిని రద్దుచేసినదియు నాటి దినమే. అది విద్యుత్కేంద్రమేగాని యిల్లు కాదని కొందరనవచ్చును. నీతి యొక్కటే: పత్రమునందలి పదమునకు, నేలమీది పదార్థమునకు సంబంధము తప్పినచో, లభించిన యనుమతియు నిలువదు. శబ్దమునకు అర్థముతోడి సంబంధము విడరానిదని వ్యాకరణమున మేము బోధించినది నేలవిషయమునను సత్యమే.

రెండవది పరిమాణము. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్రప్రకటన ననుసరించి 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మిత వైశాల్యముగల కట్టడములకు పని మొదలిడుటకు ముందే పర్యావరణ అనుమతి కావలెను. ముందు కట్టి పిదప అడుగవచ్చునను నాశ ఎంత యస్థిరమో చూడుడు. పనియైన పిదప అనుమతి యిచ్చు పద్ధతి చెల్లదని సుప్రీముకోర్టు 2025 మే 16న తీర్పిచ్చెను. నిర్మాతల సంఘము మొఱపెట్టగా అదే సంవత్సరము నవంబరు 18న ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరు ఆ తీర్పును ఉపసంహరించిరి, ఒకరు విభేదించిరి. ఆరునెలలలో ఇట్లు మారినదానిని నమ్మి పునాది త్రవ్వుట వివేకము కాదు.

మూడవది విద్యుత్తు. ఇంధన సంరక్షణ చట్టము 2001 నాటిది. దానిక్రింద భవనముల ఇంధన నియమావళి 2007లో వెలువడి, 2017లో సవరింపబడినది. అవిభక్త ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2014లో దానిని వాణిజ్యభవనములకు విధించెను. 100 కిలోవాట్ల విద్యుత్ భారము, లేదా 120 కె.వి.ఎ. ఒప్పందపు వాడకముగల భవనములు దీనిక్రిందికి వచ్చును. కల్యాణమండపములు, ఆసుపత్రులు, వస్త్రదుకాణములు కట్టు మనవారు ఈ యంకెలను గుర్తుంచుకొనవలెను. 2022లో సవరింపబడిన చట్టము 2023 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చి, పెద్ద నివాసభవనములకును ద్వారము తెరచినది. ఉల్లంఘించినచో 10 లక్షల రూపాయలవరకు జరిమానా కలదు.

నాలుగవది సామగ్రి. బూడిద యిటుక కథ వినదగినది. బొగ్గు విద్యుత్కేంద్రముల బూడిదను కట్టడములలో వాడుమను నియమము 1999లో 50 కిలోమీటర్ల పరిధికి, 2003లో 100 కిలోమీటర్లకు, 2016లో 300 కిలోమీటర్లకు విస్తరించెను. పరవాడయందలి సింహాద్రి కేంద్రమును నడిమిబిందువుగా నుంచి కొలిచినచో, మొదటి వలయములో విజయనగరము లేదు. రెండవదానిలో విజయనగరము చేరినది, శ్రీకాకుళము మిగిలినది. మూడవదానిలో ఇచ్ఛాపురము సయితము చేరినది. మనమున్నచోటనే యున్నాము, చట్టము నడచి మన గుమ్మము చేరినది. 2021 డిసెంబరు 31 నాటి ప్రకటన, నియమము పాటింపని భవననిర్మాణములపై చదరపు అడుగునకు 75 రూపాయల పరిహారము విధించినది. పదివేల అడుగుల కట్టడమునకు ఏడున్నర లక్షలు! ఇటుకబట్టీవాని చౌకధరలో ఈ మొత్తము కనబడదు.

ఇసుకయు నట్టిదే. అయిదు హెక్టారులలోపు క్వారీలకును పర్యావరణ అనుమతి అవసరమని సుప్రీముకోర్టు 2012 ఫిబ్రవరి 27న చెప్పెను. నాగావళిలోనిదైనను వంశధారలోనిదైనను ఇసుక ఉచితమన్న మాటకు అనుమతి అక్కరలేదని యర్థము కాదు. కూల్చిన యింటి శిథిలములపై 2016 నాటి నియమములు గలవు. 2025లో ప్రకటించిన క్రొత్త నియమములు 2026 ఏప్రిల్ 1 నుండి అమలునకు నిర్ణయింపబడి, 20,000 చదరపు మీటర్లు, ఆపైబడిన నిర్మాణములపై ప్రత్యేకభారము మోపినవి. రాత్రివేళ చెరువుగట్టున శిథిలములు దింపివచ్చు అలవాటు మానవలెను.

అయిదవది మాట. 500 చదరపు మీటర్లకు మించిన స్థలమున గాని, ఎనిమిదికి మించిన వాటాలు గాని కట్టి యమ్మువారు 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టమునకు లోబడుదురు. ప్రకటనలో అసత్యమున్న కొన్నవారికి నష్టపరిహారమీయవలెను. ఇల్లప్పగించిన నాటినుండి అయిదేండ్లవరకు కట్టడపు లోపములకు బాధ్యత తప్పదు. పర్యావరణ హితమని వట్టిమాటలతో వస్తువులమ్ముటను నివారించుటకై వినియోగదారుల పరిరక్షణ ప్రాధికారము 2024 అక్టోబరులో మార్గదర్శకములు వెలువరించెను. ఇచట మరియొక భ్రమ కలదు. హైదరాబాదులోని భారత హరిత భవన మండలి వంటి సంస్థలిచ్చు యోగ్యతాపత్రము స్వచ్ఛందమైనది, గౌరవప్రదమైనది. కాని యది చట్టపు అనుమతికి బదులు కాదు. అనుమతి యున్నంతమాత్రమున హరితమనియు చెప్పుకొనరాదు. ఈ రెండింటిని కలిపి అచ్చువేసినవాడు చిక్కులలో పడును.

పెద్దలు కొందరు, "ఈ చట్టములు చిన్న కంట్రాక్టరును చంపుటకే పుట్టినవి" అనుచున్నారు. అందు కొంత న్యాయమున్నది. వీనిలో పెక్కింటికి తెలుగున సులభమైన వివరణ దొరకదు. కార్యాలయములలో "పరవాలేదు" అను నోటిమాట చౌకగా దొరకును. ఆపద వచ్చిననాడు ఆ మాట సాక్ష్యమునకు రాదు. పెద్ద సంస్థకు వకీలు కలడు. మనవానికి ఇంటి దస్తావేజు మాత్రమే కలదు, అదియు బ్యాంకులో నుండును. కావుననే మనవాడే యెక్కువ జాగ్రత్త వహింపవలెను. అదియునుగాక, ఎండిన బావులు మన యూళ్లవే. ఎండలో స్లాబు వేయువారు మన పిల్లలే. హుద్‌హుద్ 2014లోను, తిత్లీ 2018లోను మన కప్పులనే యెగురగొట్టినవి. చట్టము లేకున్నను ఈ పని మనకు తప్పదు.

కాబట్టి యువకులారా, మా హితవు వినుడు. అనుమతులు తెచ్చుట స్థలయజమాని పనియో, మీ పనియో ఒప్పందమున స్పష్టముగా వ్రాయించుకొనుడు. నడుమ చట్టము మారి ఖర్చు పెరిగినచో నెవరు భరింతురో అందే వ్రాయింపుడు. ఇటుక, ఇసుక బిల్లులను అయిదేండ్లకు తక్కువగాక భద్రపరచుడు. చేయని పనిని ప్రకటనలో వ్రాయనీయకుడు. చదువని కాగితముమీద సంతకము చేయకుడు.

మహాసభవారికి రెండు ప్రార్థనలు. ఈ చట్టముల సారమును తెలుగున చిన్నపుస్తకముగా కూర్చి, ఏటేట సవరించి పంచవలెను. నెలకొక దినము సంఘభవనమున న్యాయవాదిని, ఇంజనీరును కూర్చుండబెట్టి మనవారు తెచ్చిన ఒప్పందములను సంతకమునకు ముందు చదివించి చెప్పించవలెను. వచ్చినవారికి చదివి చెప్పుటకు, ఓపిక యున్నంతవరకు, మేమును ఒక మూల కూర్చుండెదము. నోటీసు వచ్చిన పిదప మా గుమ్మమెక్కిన యువకుడు సంతకమునకు ముందే యెక్కియుండినచో ఆ యింటి నగలు ఆ యింటనే యుండెడివి.

విశ్వకర్మ మనల నందరను రక్షించుగాక. స్వస్తి.