గడప దాటి రండి
(ఆడవాళ్ళ సంఘం కొట్టు తెరిచిన సందర్భంగా పల్లెలో చేసిన ప్రసంగం)

 

మన ఆడోళ్ళు ఈరోజు కొట్టు తెరిచారు. ఉప్పూ పప్పూ అమ్మేదానికి మీటింగెందుకని కొందరు నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. కొట్టు గడప దగ్గర మనకు జరిగిన అవమానం తెలియనోళ్ళే నవ్వుతారు.

మా చిన్నతనంలో కిరసనాయిలుకి ఊళ్ళోకి పోతే అరుగు కింద నిలబడేవాళ్ళం. అందరికీ ఇచ్చాకే మాకు. డబ్బులు అరుగు మీద పెడితే నీళ్ళు చిలకరించి తీసేవాళ్ళు. సరుకు పైనుంచి పడేస్తే ఒడి పట్టాలి. తూకం తగ్గిందని అడిగే నోరు లేదు. కొనేవాడు దేవుడంటారే, మనం కొనేటప్పుడు ఆ దేవుడెక్కడికి పోయాడు?

కులం పేరుతో ఎవర్నీ అంగట్లోకి రాకుండా ఆపరాదని రాజ్యాంగం 15వ అధికరణం చెప్పింది. అంటరానితనం పాటించి సరుకు అమ్మనంటే 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం కింద నెల నుంచి ఆరు నెలల దాకా జైలు. చట్టం మనల్ని గడప దాకా తెస్తుంది. లోపలికి రమ్మనే మాట మనిషి నోటినుంచే రావాలి.

బాబాసాహెబ్ విదేశాల్లో చదివొచ్చి, బరోడా కొలువు వదిలి, బొంబాయిలో వాటాల కొనుగోలుకు సలహాలిచ్చే వ్యాపారం పెట్టారు. కులం తెలియగానే వచ్చేవాళ్ళు మానేశారు. ఊరోళ్ళు మన కొట్టుకి రారేమోనన్న భయం ఉత్తది కాదు. అయినా రప్పించాలి. ఎట్లా?

గోడలకు పిడుగురాళ్ళ సున్నం కొట్టండి. ముసలోళ్ళు కూర్చోను బయట మాచర్ల నాపరాయి వేయండి. ధరలు పలక మీద రాయండి, చదువురానోళ్ళకి బడిపిల్లలు చదివి చెబుతారు. కాటా కొనేవాళ్ళకి కనపడేటట్టు తిప్పండి. పప్పు, మిరపకాయలు చేత్తో పట్టి చూడనివ్వండి. వరస పెట్టి పిలవండి. ఐదొందల ఆసామి వచ్చాడని ఐదు రూపాయల పిల్లాణ్ణి పక్కకి నెట్టొద్దు. అప్పు సంగతి నలుగురిలో అరవొద్దు. చిల్లర చేతిలో పెట్టండి.

ఇప్పుడు కొట్టు కొట్టుకీ ఫోను చూపించి డబ్బు కట్టే అట్ట అంటించారు. చేయీ చేయీ తగలక్కర్లేదు. అది చూసి అంటరానితనం పోయిందనుకుంటే మోసపోతాం.

ఇంకోమాట, చేదుగానే ఉంటుంది. తండా నుంచి సుగాలి అక్క, కాలవగట్టు నుంచి యానాది తమ్ముడు వస్తే మనమేం చేస్తాం? మాల, మాదిగ అని మనలో మనం ఏం చేస్తాం? 'నువ్వాగు' అని ఎవర్ని బయట నిలబెట్టినా ఆ పాత అరుగునే మనం మళ్ళీ కట్టుకున్నట్టు.

బ్రహ్మనాయుడు అన్ని కులాలనీ ఒక్క చాప మీద కూర్చోబెట్టాడని మన పల్నాడులో చెప్పుకుంటాం. కారంపూడి ఉత్సవంలో ఏటా చాపకూడు తింటాం. చాప ఏడాదికొకసారి పరుస్తారు. కొట్టు రోజూ తెరవాలి.

ఈ పొద్దున మన పెద్దమ్మ ఒకామె పప్పుకొచ్చింది. గడప బయటే నిలబడి ఒడి పట్టింది. అరవై ఏళ్ళ అలవాటు! 'లోపలికి రామ్మా' అంటే కాళ్ళకేసి చూసుకుంది. మన పిల్ల చేయిపట్టి తీసుకొచ్చింది. పెద్దమ్మ డబ్బాలో చేయిపెట్టి, పప్పు అరచేతిలో పోసుకుని, పుచ్చులున్నాయేమోనని చూసి, 'ధర కాస్త తగ్గించు' అని బేరమాడింది.

మన కొట్టు అప్పుడు తెరుచుకుంది. జై భీమ్!