మొదటిరోజు ఎవరి మెప్పు కావాలి?

(కొత్తగా బడుల్లో చేరిన టీచర్ల సమావేశంలో ఒక రిటైర్డు టీచరు చేసిన ప్రసంగ పాఠం)



తెలంగాణలో 2024 డీఎస్సీకి 11,062 పోస్టులు, ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీకి 16,347 పోస్టులు ప్రకటించారు. అమ్మానాన్నల కూలిడబ్బు కోచింగు ఫీజులకు కట్టి, నిద్ర మానుకుని చదివి ఆ ఉద్యోగాలు కొట్టిన మన బిడ్డలు ఇక్కడున్నారు. సంతోషం. మొన్న ఒక తమ్ముడు నన్నడిగాడు: "మేస్టారూ, మొదటిరోజే మంచిపేరు రావాలంటే ఏం చెయ్యాలి?" నేను తిరిగి అడిగాను: "ఎవరి దగ్గర?"

ఆ ప్రశ్న నన్ను నేను అడుక్కోక ఒకప్పుడు తప్పు చేశాను. ముప్పై ఏళ్లపై మాట. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బస్సు దిగి నేరుగా ఊరి పెద్దల అరుగు దగ్గరికి పోయాను. "ఏ ఊరు పంతులూ? ఇంటిపేరేంటి?" అన్నారు. ఆ ప్రశ్న దేనికో మనకు తెలియంది కాదు. ఊరిపేరు చెప్పి, ఇంటిపేరు మింగేశాను. వాళ్లిచ్చిన టీ తాగాను. బడికి పోయే దారిలోనే మాదిగపల్లె. అటు తల తిప్పలేదు. బడిలో ముందు వరస పిల్లల్ని పేరుపేరునా పలకరించాను. వెనక గోడవార కూర్చున్నోళ్లని మాత్రం "మీదే పేటరా?" అని అడిగాను. అరుగు మీద మింగిన ప్రశ్నను పిల్లల మీద కక్కాను.

వారం తిరక్కముందే నా కులం ఊరికి తెలిసింది. అరుగు మీద పిలుపు ఆగింది. అది దెబ్బ కాదు. దెబ్బంటే, ఒక సాయంత్రం పల్లెలో ముసలమ్మ అన్న మాట. "నువ్వు మనోడివేనంట గదా నాయనా! మా మనవడు మొదటిరోజే చెప్పాడు, ఈ పంతులు గూడా పాత పంతుళ్ల మాదిరే ఉన్నాడవ్వా అని." నేనెవరో తెలియడానికి ఊరికి వారం పట్టింది. ఏడేళ్ల పిల్లోడికి ఒక్క పూట చాలింది.

బాబాసాహెబ్ చిన్నప్పుడు బడిలో ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చున్నాడు. బంట్రోతు వచ్చి నీళ్లు పోస్తేనే దాహం తీరేది. అంత చదువు చదివాక కూడా ఆ సంగతి మరవక రాసుకున్నాడు. పిల్లోడు పాఠం మర్చిపోతాడేమో గాని కూర్చోబెట్టిన చోటు మరవడు. సావిత్రీబాయి ఫూలే 1848లో పూణేలో ఆడపిల్లలకు చదువు చెప్పబోతే పేడ, మట్టి విసిరారు. ఊరి మెప్పే కావాలనుకుంటే ఆ తల్లి మొదటిరోజే ఇంటికి తిరిగిపోయేది.

అందుకే చెప్తున్నా. చేరే ముందురోజు పల్లెలో తిరగండి. బడి మానేసిన పిల్ల గుమ్మం ముందు కాసేపు కూర్చోండి. బడిలో పిల్లల్ని పేరుతో పిలవండి. రికార్డులో కులం గడి ఉండేది స్కాలర్‌షిప్పు కాగితాల కోసం. "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి" అనడానికి కాదు. గదులు ఊడ్చే చీపురు రోజూ ఎవరి చేతిలో ఉంటుందో చూడండి. అది మన పిల్లల చేతిలోనే ఉంటే ఆరోజే ఆపించండి.

మధ్యాహ్నం గంట కొట్టాక అసలు పరీక్ష. బడిలో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001లో చెప్పింది. వంట పనిలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో చెప్పింది. అయినా మన అక్క వండిందని క్యారేజీలు తెచ్చుకునే చోట్లున్నాయి. మొదటిరోజే ఆ అక్క వడ్డించిన అన్నం పిల్లల మధ్య కూర్చుని తినండి. గంట ఉపన్యాసం చెయ్యని పని ఆ ముద్ద చేస్తుంది.

బెత్తం పట్టొద్దు. కొట్టడం, మనసు నొప్పించి వేధించడం రెండూ నిషేధమని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను చెప్తోంది. కులం పేరుతో ఎగతాళి చెయ్యడం కూడా వేధింపే.

పల్లె పెద్దలారా, మీకూ ఒక మాట. కొత్త పంతులు ఏ కులమోనని ఆరా తియ్యొద్దు. మన పిల్లోణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాడో ఆరా తియ్యండి. మంచోడైతే ఏ కులమోడైనా అండగా నిలబడండి. మనోడే తప్పు చేస్తే, ఆ ముసలమ్మ అడిగినట్టు మొహం మీదే అడగండి.

తర్వాత నేను పల్లెలోనే గది తీసుకున్నాను. ఆ పిల్లోడు నా పక్కకొచ్చి కూర్చోడానికి ఏడాది పట్టింది. మీకు ఆ ఏడాది వృథా కాకూడదు. రేపు ఎవరన్నా ఇంటిపేరు అడిగితే గట్టిగా చెప్పండి. వెనక వరస దాకా వినపడాలి.

జై భీమ్!