అడవి గులాబీకి కత్తెర ఎప్పుడు?



మనం కొని తెచ్చుకునే గులాబీలు చాలావరకు అంటు మొక్కలే. పైన పూసేది ఒక జాతి, కింద వేళ్ళతో మోసేది మరో జాతి. ఆ మోసేది తరచుగా అడవి గులాబీ. జపాన్, చైనా, కొరియా దేశాల్లో తనంతట తాను పెరిగే రోజా మల్టీఫ్లోరా అలాంటిదే. చిన్న చిన్న తెల్లని పూలు గుత్తులుగా పూస్తుంది. పై అంటు చచ్చిపోయినా ఒక్కోసారి కింది వేరు బతికి, పొడవాటి కొమ్మను పైకి పంపుతుంది. "కొన్న మొక్క పోయింది, ముళ్ళకంప మిగిలింది" అని పీకి పారేయకండి. ఆ కొమ్మతో కొత్త మొక్క చేసుకోవచ్చు.

వానలు తగ్గుముఖం పట్టాక, ముదిరి పెన్సిలు లావున్న కొమ్మను ఎనిమిది అంగుళాలు కోయండి. నాలుగైదు కణుపులుండాలి. అడుగు కోత కణుపుకి కాస్త కిందగా, పై కోత కణుపుకి అర అంగుళం పైగా, ఏటవాలుగా ఉండాలి. కింది ఆకులు తుంచేసి, ఇసుక, ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు కలిపిన కుండీలో మూడింట రెండు వంతులు లోపలికి పోయేలా గుచ్చండి. తలకిందులుగా గుచ్చేరు సుమా! నీడన పెట్టి, మట్టి ఆరకుండా చూడండి. కొద్ది వారాల్లో చిగురు కనిపిస్తుంది. అది కొమ్మలో దాగిన సత్తువతో వచ్చిందే కాని, వేరు పడిందని కాదు. లాగి చూడకండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఓపిక పట్టాలి.

ఇక కత్తెర సంగతి. మామూలు గులాబీలు కొత్త చిగురు చివర పూస్తాయి. అందుకే అక్టోబరులో కత్తిరిస్తే చలికాలంలో బాగా పూస్తాయి. ఈ అడవి గులాబీ అలా కాదు. నిరుడు పెరిగిన కొమ్మ మీద ఈ ఏడు పూస్తుంది, అదీ ఏడాదికి ఒక్కసారే. దాన్నీ మిగతావాటితోపాటు కత్తిరిస్తే, రాబోయే పూలు చెత్తబుట్టలోకి పోయినట్టే. ఏటా అలాగే చేసి, "ఇది గొడ్డు మొక్క" అని పేరు పెడతాం. ఆ మాట మొక్కనైనా అంత తేలిగ్గా అనకూడదమ్మా! లోపం మొక్కలో లేదు, కత్తెర పట్టిన వేళలో ఉంది.

కనుక మొదటి రెండేళ్ళు ఎండు పుల్లలు తప్ప ఏమీ తీయకండి. ఆ తరువాత పూత అయిపోగానే, బెరడు కట్టిన ముసలి కొమ్మల్లో మూడో వంతు మొదలంటా తీసేయండి. పచ్చగా లేచిన కొత్త కొమ్మల జోలికి పోవద్దు, వచ్చే ఏటి పూలు వాటివే. పొడవు తగ్గించాలంటే బయటి వైపు చూసే మొగ్గకి పావు అంగుళం పైన కోయండి. కత్తిరించాక నీళ్ళు మాత్రం మరవకండి.

ఒక్క జాగ్రత్త. అంటు గులాబీ ఇంకా బతికి ఉంటే, అంటుకి కింద నుంచి లేచే కొమ్మను మాత్రం మొదట్లోనే పట్టి ఊడదీయండి. ఉంచితే పై మొక్కకి తిండి మిగలదు. ఐదాకులైతే మంచిదనీ, ఏడాకులైతే అడవిదనీ కొందరు లెక్క చెబుతారు. మంచి జాతుల్లోనూ ఏడాకులుంటాయి. మట్టి తొలగించి, కొమ్మ ఎక్కణ్ణించి లేచిందో చూడడమే సరైన పద్ధతి. కొమ్మ గుచ్చి పెంచిన మొక్కకి ఆ బెంగ లేదు. వేరూ, కొమ్మా ఒక్కటే కదా!