చిఱుకారుల నిర్మాణము



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము వినగానే మీలో కొందఱికి నవ్వు రావచ్చును. మోటారుకారును జానెడు పొడవున, సరియైన కొలతలతో, చేతితో నిర్మించు వినోదమును గూర్చి చెప్పదలచితిని. “బొమ్మకారులను గూర్చి నెరసిన తలలకు ఉపన్యాసమా?” యని మీరడుగుట సహజము. కాని యీ పనిలో వడ్రంగము కలదు, కంసాలి పనితనము కలదు, గణితము కలదు, అన్నిటికంటె మిన్నగా ఓర్పు కలదు. మీ యింట మనుమడో మనుమరాలో కత్తియు కఱ్ఱముక్కయు చేతబట్టి మూల గూర్చుండినపుడు, దానిని కాలహరణమని త్రోసివేయవలెనా, విద్యయని చేరదీయవలెనా యను ప్రశ్న మీ యెదుటికి వచ్చును. తీర్పు చెప్పవలసినవారు మీరు. ఆ తీర్పునకు వలసిన సంగతులను మీ ముందుంచుట మాత్రమే నా పని. నేను చాల యేండ్లుగా ఈ వినోదమున చేతులు పెట్టినవాడను గనుక, విన్నమాటలతోబాటు చేసి తెలిసికొన్న మాటలును కొన్ని చెప్పగలను.

మొదట కొలతమాట. బొమ్మ వేఱు, నమూనా వేఱు. బొమ్మ పోలికతో తృప్తిపడును. నమూనా కొలతకు కట్టుబడియుండును. అసలు కారునందలి ప్రతి యడుగునకును నమూనాయందు ఒక అంగుళము చొప్పున తీసికొన్నచో అది పండ్రెండవ వంతు నమూనా యగును. అడుగునకు అరయంగుళము చొప్పుననైన ఇరువదినాలుగవ వంతు. అమెరికాదేశమున ఇరువదియైదవ వంతు కారులు తఱచుగా కనబడును. ఇంగ్లండున నలువదిమూడవ వంతు వ్యాప్తిలోనికి వచ్చినది. ఆ దేశపు బొమ్మరైళ్లను అడుగునకు 7 మిల్లీమీటర్ల చొప్పున చేయుచుండిరి గనుక, వాని ప్రక్కన నిలుపు కారులకును ఆ లెక్కయే కుదిరినది.

ఈ లెక్కలో ఒక వింత కలదు. 5 మీటర్ల కారు ఇరువదియైదవ వంతున 20 సెంటీమీటర్లగును. ఇంతవఱకు తేలిక. మఱి బరువు మాట యేమి? పొడవు, వెడల్పు, ఎత్తు మూడును ఇరువదియైదవ వంతునకు తగ్గును గనుక, 25ను మూడుమాఱులు హెచ్చవేయగా వచ్చిన 15,625తో బరువును భాగింపవలెను. 1,500 కిలోగ్రాముల కారును అవే లోహములతో అట్లే కుదించినచో నూఱు గ్రాములైనను తూగదు! ఇంకొకటి వినుడు. నమూనాపై మిల్లీమీటరులో పదియవ వంతు మందమున రంగు పూసితిమనుకొనుడు. కంటికి అది పలుచని పూతయే. కాని కొలత పెంచి చూచినచో, అసలు కారుపై రెండున్నర మిల్లీమీటర్ల మందమున రంగు మెత్తినట్లగును. తలుపుల సందులు పూడిపోవును, అంచుల పదును చచ్చిపోవును. అందుచేతనే నేర్పరి ఒక్క మందపుపూత వేయడు. పొగమంచువంటి పూతలు మూడో నాలుగో వేసి, ఒక్కొక్కదానిని ఆఱనిచ్చును. పసివాడు ఈ సంగతి గ్రహించిననాడు, భిన్నములను పలకమీద నేర్చినదానికంటె గట్టిగా నేర్చినట్లే.

ఈ పని విద్యగా ఎట్లు గౌరవింపబడినదో చెప్పుటకు అమెరికాలో జరిగిన ఒక సంగతి వినిపింతును. ఒహాయో రాష్ట్రమందలి నార్వాక్ పట్టణమున లారెన్సు ఫిషరు అను కమ్మరి యుండెను. ఆయన గుఱ్ఱపుబండ్లను గూడ చేయుచుండెను. ఆయనకు ఏడుగురు కుమారులు. వారు తండ్రి పని నేర్చి, మోటారుల కాలము వచ్చినపుడు డెట్రాయిట్ నగరమునకు పోయి, కారులకు పైతొడుగులు నిర్మించు వృత్తి నవలంబించిరి. ఫిషర్ బాడీ కంపెనీ 1908లో ఏర్పడెను. జనరల్ మోటార్స్ సంస్థ 1919లో అందు అయిదింట మూడు వంతుల భాగము కొనెను. 1926లో సర్వమును తనలో కలుపుకొనెను. ఆ దినములలో కారు పైభాగము చాలవఱకు కఱ్ఱచట్రముమీద రేకు తొడిగిన కట్టడము. కాబట్టి అది వడ్రంగి, కమ్మరి కలిసి చేయవలసిన పనియే. ఆ కుటుంబమువారు తమ పూర్వపువృత్తిని మఱవక, నెపోలియను చక్రవర్తి కాలపు రాజశకటమును తమ ముద్రగా పెట్టుకొనిరి.

1930వ సంవత్సరమున, దేశమంతట పనులు లేక జనులు కటకటలాడుచున్న వేళ, ఈ సంస్థ “ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్” అను శిల్పిసంఘమును బాలుర కొఱకు నెలకొల్పెను. ఆ ముద్రలోని రాజశకటమును, ఇచ్చిన పటముల ప్రకారము, చిన్నదిగా స్వహస్తములతో చేసి పంపవలెను. చక్రములు, తలుపులు, లోపలి మెత్తలు, లోహపు నగిషీలు, రంగులు, అన్నియు బాలుడే చేయవలెను. గెలిచినవారికి విశ్వవిద్యాలయమున చదువుటకు 5,000 డాలర్ల చొప్పున విద్యార్థివేతనములు ప్రకటించిరి. ఇంట రొట్టెకు వెదకుకొనుచున్న కుటుంబమునకు ఆ మొత్తమెంతటిదో మీరే యూహింపుడు. చేతిపని చూపి చదువు సంపాదించుకొను మార్గము తెఱచుటయే ఇందలి విశేషము.

1937 నుండి రాజశకటముతోబాటు కారునమూనాల పోటీయు చేరెను. ఇది మఱియు కష్టము. శకటమునకు పటముండెను, కారునకు పటము బాలుని బుద్ధిలోనుండియే పుట్టవలెను. ఇంకను ఏ కర్మాగారమును చేయని కారును తాను ఊహించి, పండ్రెండవ వంతున గీసి, మన్నుతో రూపు తెచ్చి, కఱ్ఱతో చెక్కియో అచ్చుపోసియో, అద్దమువలె రంగు మెఱయించి పంపవలెను. 1947తో శకటముల పోటీ ముగిసెను. కారుల పోటీ 1968 వఱకు సాగెను. 1947లో ప్రథమస్థానము పొందిన చార్లెస్ జోర్డన్ అను యువకుడు అదే సంస్థలో చేరి, 1986 మొదలు 1992 వఱకు దాని రూపకల్పన శాఖ కంతటికిని అధిపతియై యుండెను.

ఈ కథలో మెచ్చదగనిదియు ఒకటి కలదు. ఆ సంఘమున బాలికలకు ప్రవేశము లేకుండెను. ముగ్గు పెట్టునపుడు చుక్క తప్పని చేతిని, ఆడుపిల్లదను కారణమున కత్తికి దూరముగా నుంచుట వారు చేసిన లోపము. మన యిండ్లలో మనము ఆ లోపమును చేయనక్కఱలేదు.

ఇక చెక్కుట రానివారి సంగతి. 1948లో అమెరికాలో ఏ.ఎం.టీ. అను సంస్థ పుట్టెను. కారు విక్రయశాలలవారికి చూపుడుబొమ్మలుగా చిన్న కారులను చేసి యిచ్చుట దాని తొలిపని. 1958లో అది కారును విడివిడి భాగములుగా పెట్టెలో పెట్టి అమ్మసాగెను. ఒకే పెట్టెలో మూడు విధములకు సరిపడు భాగములుండును: కర్మాగారమునుండి వచ్చినట్లు కట్టవచ్చును, పందెపుకారుగా కట్టవచ్చును, లేదా తన యిచ్చవచ్చినట్లు మార్చి కట్టవచ్చును. ఈ మూడవ మార్గమే పిల్లల మనస్సును దోచినది. కాలిఫోర్నియా ప్రాంతపు యువకులు పాతకారులను కొని, కప్పులు తగ్గించి, తళుకులు తీసివేసి, క్రొత్త రూపమిచ్చుచుండిరి. అసలు కారు కొనలేని పిల్లవాడు అదే పనిని భోజనపుబల్ల మూలన చేయగలిగెను.

మార్చుట యనగా విఱుగగొట్టుట కాదు. ఒక్క దృష్టాంతము చెప్పెదను. కప్పును కొంచెము దించవలెనని తోచినది. కప్పును మోయు స్తంభములను మధ్య కోసి, ఒక ముక్క తీసివేసి, మరల అతికించిన చాలునని తోచును. కాని ఆ స్తంభములు నిట్టనిలువుగా నుండవు. పైకి పోయినకొలది లోపలికి వాలియుండును. ముక్క తీసివేయగానే పై కొన క్రింది కొనపై కూర్చుండదు. అప్పుడు కప్పునే అడ్డముగా కోసి, నడుమ అతుకువేసి పొడిగింపవలెను. కప్పు దిగినందున అద్దము పొట్టిది కావలెను. లోపలి ఆసనము దిగవలెను. ఆసనము దిగినందున చోదకచక్రము వంపు మాఱవలెను. ఇంటి దూలమొకటి దించినచో గుమ్మములన్నియు ఎట్లు మార్చవలసివచ్చునో మీకు తెలియనిది కాదు. ఒకదానిని ముట్టుకొన్నచో పదింటికి సమాధానము చెప్పవలెనను ధర్మమును ఈ చిఱుకారు నేర్పును.

పని క్రమము సంగ్రహముగా చెప్పెదను. భాగములను చట్రమునుండి కత్తితో వేఱుచేసి, ముందు జిగురు లేకుండ ఒకదానితో నొకటి కూర్చి చూడవలెను. ప్లాస్టిక్ జిగురు గోందువంటిది కాదు. అది రెండు అంచులను కరగించి ఒక్కటిగా చేయును. తప్పుగా అతికినచో విడదీయుట కష్టము. సందులను ముద్దతో పూడ్చి, ఆఱిన పిమ్మట నీటితో తడిపిన గరుకుకాగితముతో నునుపుచేయవలెను. మన కొండపల్లి శిల్పులు తెల్లపొణికి కఱ్ఱతో అంగములను వేఱువేఱుగా చెక్కి, చింతగింజల పొడియు ఱంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికించి రూపు తీర్చుదురు గదా! దేశములు వేఱైనను చేతి బుద్ధి యొక్కటియే. నునుపుచేసిన పిమ్మట అడుగుపూత, దానిమీద రంగు, పిదప మెఱుగు. వెండితళుకుల చోట్ల రంగునకు బదులు మిక్కిలి పలుచని లోహపురేకును అంటించి, అంచులను వాడికత్తితో కోయుదురు.

జాగ్రత్తలును చెప్పవలెను. ఆ జిగురునుండియు రంగులనుండియు వచ్చు ఆవిరి ఆరోగ్యమునకు చేటు, కిటికీలు తెఱచియుంచవలెను. కత్తివాదర చేతివైపు తిరుగరాదు. చిన్నపిల్లలను పెద్దల కనుసన్నలలోనే చేయనీయవలెను. ధనవ్యయమునకు వెఱవనక్కఱలేదు. విదేశపు పెట్టె కొననిదే పని సాగదనుట సరికాదు. అట్టముక్క, వెదురుబద్ద, మెత్తనికఱ్ఱ చాలును. పెట్టెలు కొని అటకపై పేర్చి, ఒక్కటియు కట్టనివారిని నేనెఱుగుదును. అది వినోదము గాదు, కొనుగోలు జాడ్యము.

“దీనివలన కూడు దొరకునా?” యని మీరడుగుదురు. పదిమందిలో ఒకనికైనను దీనివలన జీవనము కలుగునని నేను చెప్పజాలను. జోర్డన్ వంటివారు అరుదు. అయినను ఒక మాట. జనరల్ మోటార్స్ సంస్థలో హార్లీ యర్ల్ అను రూపశిల్పి 1927లో కారుల రూపకల్పనశాఖను నడపనారంభించి, క్రొత్తకారును ముందుగా మన్నుతో మలచి చూచు పద్ధతిని నాటెను. గణకయంత్రములు వచ్చిన యీ దినములలోను గొప్ప కర్మాగారములు ఆ మన్నును విడువలేదు. వంపు సరిగానున్నదో లేదో తెర చెప్పిన తర్వాతను అఱచేయి చెప్పవలసినది మిగిలియే యున్నది. ఉద్యోగము వచ్చినను రాకున్నను, తాను చేసిన పని తిన్నగానున్నదో వంకరగానున్నదో ఇతరు లడుగకముందే తనకు దెలియుట, మనుష్యునికి జీవితమంతయు ఉపకరించును.

తుదకు, మీతో నాకు గల అసలు మనవి. ఎడ్లబండి నిర్మాణమున కుండకు ఎన్ని యాకులు, పూటీల మందమెంత, నొగల వాలు ఎట్లుండవలెను, ఇరుసునకు ఏ కఱ్ఱ తగును, ఇవి యన్నియు వడ్రంగుల చేతులలోను మీ జ్ఞాపకములలోను నున్నవి. చాల యూళ్లలో ఇవి కాగితమున కెక్కలేదు. బండ్లు ఒక్కొక్కటిగా పొయ్యిలోనికి పోవుచున్నవి. మీ మనుమలకు కారునమూనాలపై మోజు కలిగినచో అడ్డుపెట్టకుడు. వారి చేతికి కొలబద్ద నిచ్చి, పాకలోనున్న పాతబండి యొద్దకు తోడ్కొనిపొండు. మీరు పేర్లు చెప్పుడు, వారు కొలతలు వ్రాసికొందురు. అడుగునకు అంగుళము చొప్పున ఆ బండిని కట్టుమనుడు. కారు కట్టుటకు నేర్చిన నేర్పే దీనికిని చాలును. ఫిషరు కుమారులు తండ్రినాటి శకటమును మఱవకయే మోటారులు కట్టిరి. పాకలో బండి నిలిచియుండగనే, పేర్లు చెప్పగల మీరుండగనే, ఆ పని జరుగవలెను. పిమ్మట కొలుచుటకు వస్తువుండదు, అడుగుటకు మనుష్యుడుండడు.