సెలవులకు ఇంటికి వెళ్లలేని పిల్లలు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఆగస్టు 9న మన పాట గురించి, మన థింసా గురించి, మన అడవి గురించి గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. ఈరోజు మాత్రం మేము ఇంటి గుమ్మం లోపలి మాట ఒకటి మాట్లాడదలచుకున్నాం.

సెలవులిచ్చిన రోజు ఆశ్రమ పాఠశాల దగ్గర చూడండి. పిల్లలందరూ పెట్టెలు పట్టుకుని జీపు కోసం పరుగెడతారు. ఒకరిద్దరు గేటు దగ్గరే ఆగిపోతారు. "ఇంకో రెండు రోజులు ఉండొచ్చా సార్?" అని అడుగుతారు. చదువు మీద ఇష్టం అనుకుంటాం. ఒక్కోసారి అది ఇంటి మీద భయం. తాగొచ్చి కొట్టే నాన్న కావచ్చు, తన కష్టమంతా పిల్లల మీద తీర్చుకునే అమ్మ కావచ్చు.

ఈ మాట బయటపెట్టాలంటే మనకు సిగ్గు. "ఇప్పటికే మైదానం వాళ్లు మనల్ని తాగుబోతులంటారు, మనమే చెప్పుకోవాలా?" అని ఊరుకుంటాం. పిల్లల్ని హింసించేవాళ్లు అన్ని కులాల్లోనూ, అన్ని పట్నాల్లోనూ ఉన్నారు. జాతి పరువు కాపాడే బరువు ఏడేళ్ల పిల్ల వీపు మీద పెట్టకూడదు.

హవాయి దీవుల్లో కవాయి అనే దీవి ఉంది. అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే పరిశోధకురాలు, ఆమె బృందం నలభై ఏళ్లు వచ్చేదాకా గమనిస్తూ వచ్చారు. పేదరికం, ఇంటి గొడవల వంటి కష్టాల మధ్య పెరిగినవాళ్లలో కూడా సుమారు మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్లకు దొరికిన ముఖ్యమైన అండ, నమ్మకంగా పట్టించుకునే మనిషి కనీసం ఒకరు ఉండటం. అవ్వో, మేనమామో, టీచరో, పక్కింటావిడో. మన గూడెంలో ఆ ఒక్కరు మీరే కావచ్చు.

అందుకు ఏం చేయాలి?

పిల్ల చెబితే నమ్మండి. గుచ్చి గుచ్చి అడగకండి. "ఇందులో నీ తప్పు లేదు, చెప్పి మంచి పని చేశావు" అనండి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాట ఇవ్వకండి, సాయం కోసం చెప్పాల్సి రావచ్చు. నాన్నను తిట్టకండి. కొట్టే నాన్న మీద కూడా పిల్లలకు ప్రేమ ఉంటుంది. మీరు తిడితే మళ్లీ నోరు విప్పరు.

ముందే దారి చెప్పి ఉంచండి. గొడవ మొదలైతే మధ్యలోకి వెళ్లకూడదు. పొయ్యి దగ్గర, కత్తిపీట, గొడ్డలి ఉండే మూల దాక్కోకూడదు. చిన్నవాళ్లను తీసుకుని, ముందే అనుకున్న ఇంటికి వెళ్లిపోవాలి. ఆ ఇంటివాళ్లు అర్ధరాత్రయినా ఏమీ అడగకుండా తలుపు తీయాలి. ఒక ఫోన్ నంబరు పిల్లకు నోటికి రావాలి. సిగ్నల్ ఏ గట్టు మీద దొరుకుతుందో మీకు తెలియాలి.

ఆవేశపడకండి. నలుగురు కుర్రాళ్లు వెళ్లి ఆ తండ్రిని కొట్టి వస్తే, మీరు వెళ్లాక ఆ దెబ్బలన్నీ తిరిగి పిల్లకే తగులుతాయి.

సాయం అడగండి. 1098 పిల్లల కోసం పెట్టిన నంబరు, రాత్రీ పగలూ ఉచితం. ప్రాణం మీదికొస్తే 112. అమ్మ కూడా దెబ్బలు తింటుంటే 181. పెంచే బాధ్యత ఉన్నవాళ్లే పిల్లల్ని హింసిస్తే 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. ఫోన్ చేస్తే పిల్లను హోమ్‌లో పడేస్తారని భయపడతాం. హోమ్ అన్నది చివరి మార్గమే కావాలని ఆ చట్టమే చెబుతోంది. జిల్లాలోని బాలల సంక్షేమ కమిటీ తగిన బంధువుల దగ్గర కూడా ఉంచగలదు.

లైంగిక హింస అయితే మాత్రం కుల పెద్దల ముందు తప్పు కట్టించి సర్దేయడానికి లేదు. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటోంది.

దసరా సెలవులు వస్తున్నాయి. ఈలోగా ప్రతి గూడెంలో రెండు ఇళ్లవాళ్లను అడగండి, రాత్రిపూట ఏ పిల్ల తలుపు తట్టినా తీస్తారా అని. తీస్తామన్న ఇళ్లు ఏవో పిల్లలకు చూపించండి. ఈ ఏడాది మీ నుంచి మేము కోరేది ఇదే.